దీపము వెలిగినది - నీరు పడుచున్నదా?

రాత్రివేళ మోటారు వేసి ఇంటికి వచ్చిన రైతునకు నిద్ర సరిగా పట్టదు. మంచముమీద పండుకొన్నను చెవి బోరువైపే యుండును. త్రీఫేజు ఉన్నదో పోయినదో, బోరులో నీరు అందుచున్నదో లేదో అని ఆలోచన. చివరకు టార్చిలైటు, కర్ర చేతబట్టుకొని గట్లవెంట పోయి చూచి రావలసినదే. ఈ చూచి వచ్చుటలోనే పాము కాటులు జరుగుచున్నవి. తెగిపడిన తీగను చీకటిలో త్రొక్కుటలు జరుగుచున్నవి.

మా బోరు ఇంటి వెనుక 40 మీటర్ల దూరమున నున్నది. అంత దగ్గర బోరునకు కూడ మా తమ్ముడును నేనును రాత్రికి మూడు నాలుగు మారులు తిరుగుచుండెడివారము. ఇంటి గోడకు ఒక వెలుగు బటను పెట్టి, దానిని చూచియే బోరు సంగతి తెలిసికొనవచ్చునని తలచి పని మొదలు పెట్టితిమి. మొదటి ప్రయత్నములో మోటారు కాల్చుకొంటిమి. రెండవ ప్రయత్నములో చేసిన పలక నేటికిని పనిచేయుచున్నది. ఈ రెండింటికిని నడుమ నున్న తేడా ఏమియో తెలిసినచో ఎలక్ట్రానిక్సు సరదా గల యువకులెవరైనను ఈ పలకను చేసికొనగలరు. అందుకే దీనిని వివరముగా వ్రాయుచున్నాను.

ఆటల యంత్రమునుండి ఇంటి గోడకు

మేము వాడిన బటను సేద్యమునకై పుట్టినది కాదు. పట్టణములలోని ఆటల అంగళ్లలో నాణెము వేసి ఆడు పెద్ద యంత్రములను కొందరు చూచియుందురు. 1972లో అమెరికాలో అటారీ వారి పాంగ్ అను ఆటయు, 1978లో జపానులో టైటో వారి స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటయు వచ్చినవి. ఆ తరువాత ఈ యంత్రములు దేశదేశములకు ప్రాకినవి. వాటి ముందు పలకపై నుండు బటనులను పిల్లలు ఉదయము మొదలు రాత్రివరకు బలముకొలది గ్రుద్దుచుందురు. ఆ దెబ్బలకు ఓర్చుకొనునట్లుగా తయారైనవే ఈ ఆర్కేడు బటనులు. జపానులోని సాన్వా, సెయిమిత్సు వంటి కంపెనీలు వీటికి పేరుపొందినవి. నేడు ఇవి విడిగా దొరకుచున్నవి. ఎలక్ట్రానిక్సు సామగ్రి అమ్మువారిని వెలిగే ఆర్కేడు బటను కావలెనని అడిగినచో చాలును.

వీటిలో 24 మిల్లీమీటర్ల రంధ్రములో కూర్చునవి, 30 మిల్లీమీటర్ల రంధ్రములో కూర్చునవి సామాన్యము. గుమ్మటమువలె 60 లేక 100 మిల్లీమీటర్లుండు పెద్దవి కూడ కలవు. ముసలివారి చేతికిని, మట్టి చేతికిని, నిద్రమత్తులో నున్న చేతికిని 60 మిల్లీమీటర్ల గుమ్మటము మేలు. మేము దానినే తీసికొంటిమి. పైడిప్ప తెల్లగా గాని పసుపుగా గాని ఉన్నచో పగటి వెలుతురులోకూడ దీపము తెలియును. ముదురు నీలము, ముదురు ఎరుపు వరండాలో పగటిపూట కానరావు.

ఒక హెచ్చరిక ఇచ్చటనే చెప్పవలెను. ఈ బటనులు ఇంటి లోపల, పొడి చోటున వాడదగినవి. వీటిలోనికి నీరు, దుమ్ము, చీమలు సులభముగా పోవును. బోరువద్ద వానలో పెట్టదలచినచో నీరు చొరకుండ మూసి చేసిన లోహపు బటనులు వేరే కలవు, వాటిని తీసికొనవలెను.

మొదటి పలక చేసిన మోసము

మా మొదటి పలక కడు సులభమైనది. బటను నొక్కినచో దీపము వెలుగును. మరల నొక్కినచో ఆరును. షెడ్డులో స్టార్టరు వేసి వచ్చినవారు బటను నొక్కవలెను, మోటారు ఆపి వచ్చినవారు మరల నొక్కవలెను అని ఇంటిలో అందరికిని చెప్పితిమి. వెలుగుచున్నచో మోటారు నడుచుచున్నట్లు. చూచుటకు ముచ్చటగా నుండెను. ఇరుగుపొరుగువారు వచ్చి నొక్కి చూచి పోయిరి.

రబీ వరి పొట్టదశలో నున్న రోజులవి. ఒక రాత్రి తమ్ముడు తొమ్మిది గంటలకు మోటారు వేసి వచ్చి, బటను నొక్కి పండుకొనెను. బోరులో నీరు గంటసేపు పోసి అందకపోయినది. మోటారు తెల్లవార్లు నీరు లేకయే తిరిగినది. నడుమ రెండుమారులు లేచి చూచితిని. దీపము చక్కగా వెలుగుచుండెను. తిరిగి పండుకొంటిని.

ఉదయము షెడ్డువద్ద కాలిన వాసన. "బటను వెలుగుచునే యున్నది గదా అన్నయ్యా!" అని తమ్ముడు నిర్ఘాంతపోయెను. మా అమ్మ గోడవైపు చూచి, "దానికేమి తెలుసురా నాయనా? అది బోరులోకి తొంగి చూచిందా?" అన్నది.

ఆ మాటలోనే మొత్తము విషయము కలదు. బటను నొక్కుట ఒక సంగతి. స్టార్టరుకు కరెంటు వచ్చుట ఇంకొక సంగతి. మోటారు తిరుగుట వేరొక సంగతి. పైపునుండి నీరు పడుట అన్నిటికంటె వేరైన సంగతి. రైతునకు కావలసినది ఈ చివరిది. మా పలక చెప్పినది మొదటిది మాత్రమే. స్టార్టరు పెట్టెమీద నుండు ఎరుపు, పసుపు, నీలము దీపములు కూడ ఫేజులున్నవని చెప్పునే గాని నీటి సంగతి చెప్పవు.

ఓవర్‌లోడ్ రిలే ఉండగా మోటారు ఎట్లు కాలెనని కొందరు అడిగిరి. పంపులో నీరు లేనప్పుడు మోటారుమీద బరువు తగ్గును. అది తీసికొను కరెంటు కూడ తగ్గును. ఎక్కువ కరెంటు పోయినప్పుడు పడుటకై పెట్టిన రిలే తక్కువ కరెంటునకు పడదు. బోరులో దించిన మోటారునకు చుట్టునున్న నీరే చలువ. లోపలి బేరింగులకు నీరే నూనె. అది లేనప్పుడు లోలోపల కాగి పాడగును. మోటారు పైకి తీయించి, చుట్టించి, మరల దింపుటకు ఎనిమిది దినములు పట్టినది. పొట్టదశలో ఎనిమిది దినములు మడి ఆరినచో వరి ఏమగునో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ కోతకు తాలు గింజలే హెచ్చు.

కావున ఒక మాట స్పష్టముగా చెప్పుచున్నాను. నీరు లేనప్పుడు మోటారును ఆపు సాధనములు, ఒక ఫేజు పోయినప్పుడు ఆపు సాధనములు వేరే అమ్మకమునకు కలవు. వాటిని తెలిసిన ఎలక్ట్రీషియనుచేత స్టార్టరులో పెట్టించుకొనవలెను. ఇచ్చట చెప్పు పలక మోటారును ఆపదు. అది కన్ను మాత్రమే, చేయి కాదు.

అట్లే ఈ బటనును 230 లేక 415 వోల్టుల తీగలకు ఎన్నడును కలుపరాదు. మైక్రోస్విచ్చిపై 250 వోల్టులని అచ్చువేసి యుండవచ్చును. దానిని చూచి మోసపోవద్దు. బటను వెనుక పలకలు తెరచియే యుండును. దీపము 5 వోల్టులది. తడిచేతితో నొక్కునది ఇంటిలోని పిల్లలు. మా పలకకు సెల్‌ఫోను చార్జరునుండి వచ్చు 5 వోల్టులు తప్ప మరి ఏ కరెంటును చేరదు. మోటారు స్టార్టరుతో దీనికి ఏ సంబంధమును లేదు.

ఒక డిప్పలో రెండు దారులు

క్రొత్తగా ఈ బటను చేతబట్టినవారు చేయు పొరపాటు ఒకటే. నొక్కు స్విచ్చియు, లోపలి దీపమును ఒక్కటే అనుకొందురు. అవి ఒకే డిప్పలో కాపురమున్న రెండు వేరు వేరు సంసారములు. వెనుక చూచినచో సాధారణముగా నాలుగు రేకులు కనిపించును. రెండు మైక్రోస్విచ్చివి, రెండు దీపమువి. కొన్నింటిలో స్విచ్చికి మూడు రేకులుండును: ఒకటి ఉమ్మడి, ఒకటి నొక్కినప్పుడు కలియునది, ఒకటి నొక్కినప్పుడు విడిపోవునది. ఏది ఏదియో మీటరుతో చూచి గుర్తు పెట్టుకొనవలెను. చాలా రకములలో వెనుక భాగమును కొంచెము త్రిప్పి లాగినచో దీపము, స్విచ్చి కలిసి ఊడివచ్చును.

మైక్రోస్విచ్చి 1932లో అమెరికాలోని ఫ్రీపోర్టు పట్టణములో పీటర్ మెక్‌గాల్ అనునతడు కనిపెట్టినది. దీనిలోపల ఒక పలుచని తీరుబడ్డ రేకు ఉండును. మెల్లగా నొక్కినను, గట్టిగా నొక్కినను ఆ రేకు ఒక స్థానమువద్ద టక్కున ఎగిరి అవతలికి పడును. ఆ టక్కుమను చప్పుడే నొక్కినవానికి తృప్తి. అయితే రేకు పడిన తరువాత కొన్ని మిల్లీ సెకండ్లు చిన్నగా ఎగురును. మన కంటికి ఒక్క నొక్కుడే; యంత్రమునకు నాలుగైదు నొక్కుళ్లుగా కనిపించును. అందుచే నొక్కుడు తెలిసిన పిమ్మట 20 మిల్లీ సెకండ్లు ఆగి, ఇంకను నొక్కియున్నదా అని మరల చూచుకొనునట్లు యంత్రమునకు చెప్పవలెను. మేము మొదట ఇది చేయక, ఒకమారు నొక్కినచో దీపము వెలిగి, వెంటనే ఆరిపోవుచుండగా బటను చెడినదని తిట్టుకొంటిమి.

ఇక దీపము. అది ఎల్.ఇ.డి. దానికి తలక్రిందులుండును. ఎదురు కలిపినచో వెలుగదు. మార్చి కలిపి చూడవలెను. 5 వోల్టుల రకములో రెసిస్టరు లోపలనే యుండును. 12 వోల్టుల రకము 5 వోల్టులపై మిణుకుమిణుకుమనును, లేదా వెలుగదు. కొనునప్పుడే అడిగి తీసికొనవలెను. లోపల రెసిస్టరు లేని దీపమైనచో బయట మనమే కలుపవలెను. ఎరుపు దీపము సుమారు 2 వోల్టులు తీసికొనును. మిగిలిన 3 వోల్టులను 10 మిల్లీ ఆంపియరులకు తగ్గించుటకు 300 ఓములు కావలెను. అంగడిలో దొరకు 330 ఓములది సరిపోవును. తెలుపు, నీలము దీపములకు 3 వోల్టులకు పైగా కావలెను గనుక 220 ఓములు చాలును. రెసిస్టరు లేకుండ నేరుగా కలిపినచో దీపము ఒక్క క్షణము మిక్కిలి అందముగా వెలుగును. మరల వెలుగదు.

ఈ రెండు దారులకును నడుమ కూర్చుని తీర్పు చెప్పునది ఆర్డునో అను చిన్న పలక. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణములో విద్యార్థులకొరకు తయారైనది ఇది. అరచేతిలో పట్టును. కంప్యూటరునుండి దానికి ఒకమారు పని నేర్పినచో కరెంటు పోయి వచ్చినను మరువదు. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషను క్రింద ప్రయోగశాలలు పెట్టిన పాఠశాలలలో ఇటువంటి పలకలతో పిల్లలు పని నేర్చుకొనుచున్నారు. మీ ఊరి పిల్లలలో దీనిని తెలిసినవారుందురు. పెద్దలు సిగ్గుపడక వారిని అడుగవలెను.

ఆర్డునో ఊనో రకములో ఒక్కొక్క కాలునుండి 20 మిల్లీ ఆంపియరులకు మించి తీయకుండుట మంచిది. పెద్ద గుమ్మటపు బటనులలోని దీపము ఇంతకంటె ఎక్కువ అడుగవచ్చును. అందుచే మేము నడుమ ఒక బీసీ 547 ట్రాన్సిస్టరును పెట్టితిమి. ఆర్డునో కాలునుండి 2,200 ఓముల రెసిస్టరుగుండ ట్రాన్సిస్టరు బేసుకు తీగ. దీపము ట్రాన్సిస్టరు మీదుగా వెలుగును. మ్రోగు బజరునకును అట్టిదే ఇంకొకటి. బటను స్విచ్చిని ఆర్డునో కాలికిని, నేల తీగకును నడుమ కలిపినచో చాలును. విడిగా రెసిస్టరు అక్కరలేదు. ఆ కాలిని లోపలినుండి పైకి పట్టియుంచు ఏర్పాటు ఆర్డునోలోనే కలదు.

చిల్లు బకెట్టు

నీరు పడుచున్నదని పలకకు ఎట్లు తెలియవలెను? దీనికి మేము పెట్టిన ఖర్చు ఒక పాత ప్లాస్టిక్ బకెట్టు, ఒక చిన్న ఫ్లోట్ స్విచ్చి.

డెలివరీ పైపునుండి అర అంగుళము గొట్టము నొకదానిని చీల్చి బకెట్టులోనికి పెట్టితిమి. బకెట్టు అడుగున 6 మిల్లీమీటర్ల చిల్లు పొడిచితిమి. మోటారు పోయుచున్నంతసేపు గొట్టమునుండి వచ్చు నీరు చిల్లుగుండ పోవు నీటికంటె ఎక్కువ గనుక బకెట్టు నిండి పొర్లుచుండును. నీరు ఆగినచో చిల్లు బకెట్టును ఖాళీ చేయును. బకెట్టులో 20 సెంటీమీటర్ల నీరున్నప్పుడు ఆ చిల్లుగుండ నిమిషమునకు సుమారు 2 లీటర్లు పోవును. ఫ్లోటును పైఅంచునకు దగ్గరగా బిగించినచో నీరు ఆగిన ఒక నిమిషములోపలనే అది క్రిందికి దిగును. పొర్లిన నీరు, కారిన నీరు కాలువలోనే పడును గనుక చుక్క వృథా కాదు.

ఫ్లోటు స్విచ్చిని రెండు విధములుగా పెట్టవచ్చును. నీరు పైకి వచ్చినప్పుడు కలియునట్లు ఒకటి, విడిపోవునట్లు ఒకటి. లోపలి ఫ్లోటును తీసి తలక్రిందులుగా దూర్చినచో చాలా రకములు ఒకదానినుండి రెండవదిగా మారును. మనకు కావలసినది నీరు వచ్చినప్పుడు కలియునది. కారణము చెప్పెదను. ఎలుక తీగను కొరికినను, నాగలి తగిలి తెగినను, కనెక్షను ఊడినను, పలకకు స్విచ్చి విడిపోయినట్లే కనిపించును. అనగా నీరు లేనట్లు. గంట మ్రోగును, పోయి చూచెదము, తెగిన తీగ కనిపించును. రెండవ విధముగా పెట్టినచో తెగిన తీగ నీరున్నట్లు చెప్పును. మా మొదటి పలకవలె అదియు నవ్వుచునే మోసగించును.

చిల్లు మాత్రము మూసికొనిపోగలదు. నాచు, ఆకు, ఇసుక. అప్పుడు బకెట్టు నిండియే యుండును, నీరు ఆగినను పలకకు తెలియదు. ఈ లోపమును పూర్తిగా పోగొట్టు మార్గము మాకు దొరకలేదు. కాని ప్రతిదినము దానంతట అదియే బయటపడునట్లు చేసితిమి. ఎట్లో ముందు చెప్పెదను.

పలక నడచు తీరు

పలకకు నేర్పిన పని ఇది. మామూలుగా దీపము ఆరియుండును. షెడ్డులో మోటారు వేసి వచ్చినవారు బటను నొక్కుదురు. దీపము సెకండునకొకమారు మెల్లగా మిణుకుట మొదలుపెట్టును. అనగా నొక్కినట్లు తెలిసినది, నీరు ఇంకను కానరాలేదు అని అర్థము. బకెట్టు నిండి ఫ్లోటు లేచినంతనే దీపము నిలకడగా వెలుగును. మూడు నిమిషములలోపల ఫ్లోటు లేవనిచో దీపము త్వరత్వరగా మిణుకుచు, బజరు మ్రోగును. నిలకడగా వెలుగుచున్న తరువాత ఎప్పుడైనను ఫ్లోటు దిగి 20 సెకండ్లపాటు దిగియే యున్నచో అప్పుడును అట్లే. బజరు మ్రోగునప్పుడు బటను నొక్కినచో మ్రోత ఆగి, దీపము ఆరి, మొదటి స్థితికి వచ్చును.

ఈ 20 సెకండ్లు ఎందుకనగా, నీటి అలలకు ఫ్లోటు ఊగుచుండును. ప్రతి ఊపునకు గంట కొట్టినచో ఇంటివారు రెండవ రాత్రికే చార్జరు పెరికివేయుదురు.

ఆర్డునోకు దీనిని నేర్పుట కష్టము కాదు. పలక నాలుగు స్థితులలో ఏదో ఒకదానిలోనే యుండును: ఊరకున్నది, ఎదురుచూచుచున్నది, నీరు పడుచున్నది, హెచ్చరించుచున్నది. ప్రతి స్థితినుండి ఏ కారణముచే ఏ స్థితికి పోవునో కాగితముమీద ముందు గీసికొనవలెను. కాగితము సరిగా వచ్చినచో ప్రోగ్రాము అరవై డెబ్బది పంక్తులకు మించదు. కాగితము లేకుండ కంప్యూటరు ముందు కూర్చున్న తమ్ముడు మూడు రాత్రులు కూర్చుండెను.

ఎరుపు, ఆకుపచ్చ రెండు దీపములు పెట్టక మిణుకుటతోనే సంగతి చెప్పించుటకు కారణము కలదు. ఈ రెండు రంగుల తేడా పుట్టుకతోనే తెలియని పురుషులు కొందరు ప్రతి ఊరిలోను ఉందురు. చాలామంది ఆ సంగతి తామే ఎరుగరు. మిణుకునదో, నిలకడగా నున్నదో అందరికిని తెలియును.

చిల్లు మాట చెప్పెదనంటిని. మా ఇంటి నియమము ఇది: మోటారు ఆపి వచ్చినవారు వెంటనే బటను నొక్కరాదు. బజరు మ్రోగువరకు ఆగవలెను. ఒకటిన్నర నిమిషములోపల మ్రోగినచో చిల్లు తెరచియున్నది, ఫ్లోటు కదలుచున్నది, తీగ బాగున్నది, బజరు బాగున్నది. అప్పుడు నొక్కి ఆపవలెను. మ్రోగనిచో మరునాడు పొద్దుననే బకెట్టు కడుగవలెను. ఈ విధముగా దినదినము పరీక్ష జరుగుచుండును. దానికై వేరే పని అక్కరలేదు.

దీపము ఆరియున్నచో అంతయు క్షేమమని కాదు. ఇంటి కరెంటు పోయినచో పలకయు నిద్రపోవును. ఇంటికి కరెంటు ఉండి మోటారునకు త్రీఫేజు పోవుట మన పల్లెలలో వింత కాదు. దానిని ఈ పలక పట్టుకొనును. కాని రెండును ఒకేమారు పోయినచో చెప్పుటకు దానికి ప్రాణముండవలెను. అందుకై చార్జరునకు బదులు పవర్ బ్యాంకుతో నడుపవచ్చును. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు తీయునప్పుడు పని అయిపోయినదని తలచి తమంతట తామే ఆగిపోవును. ఒక రాత్రి అంతయు నడిపి చూచి పెట్టుకొనవలెను.

త్రీఫేజు పోయి తిరిగి వచ్చినప్పుడు మోటారు దానంతట అది వేసికొనునట్లు ఆటో స్టార్టరు పెట్టుకొన్నవారికి ఒక మాట. తెలంగాణలో 2018 జనవరి 1వ తేదీనుండి సేద్యమునకు 24 గంటల విద్యుత్తు ఇచ్చుట ఆరంభమైనప్పుడు, ఆటో స్టార్టరులను తీసివేయుడని రైతులను కోరిరి. అడిగినవాడు లేక మోటార్లు రాత్రింబవళ్లు తిరిగి భూగర్భ జలము తోడివేయునని భయము. ఆటో స్టార్టరున్నచోట మా పలకయు సరిగా పనికిరాదు. మోటారు వేయుట మనిషి చేతిలో నున్నచోటనే బటను నొక్కుటకు అర్థము.

తీగ లాగునప్పుడు

ఫ్లోటునుండి ఇంటివరకు రెండు తీగలు కావలెను. మెలివేసిన జంట తీగ మంచిది. మోటారు తీగల ప్రక్కనే ఒకే గొట్టములో లాగరాదు. స్టార్టరు పడునప్పుడెల్ల పలకకు దొంగ నొక్కుళ్లు వినిపించును. మేము ఒక మూర ఎడముగా వేరే గొట్టములో పూడ్చితిమి. ఇంత దూరపు తీగకు ఆర్డునో లోపలి ఏర్పాటు చాలదు. అది 20 వేలనుండి 50 వేల ఓములవరకు నుండు బలహీనమైన పట్టు. 5 వోల్టులనుండి 1,000 ఓముల రెసిస్టరు నొకదానిని విడిగా పెట్టితిమి. 40 మీటర్ల తీగ నిరోధము కొద్ది ఓములే గనుక దానితో చిక్కులేదు. తీగకును ఆర్డునో కాలికిని నడుమ 10,000 ఓముల రెసిస్టరు నొకటి, ఆ కాలినుండి నేల తీగకు 0.1 మైక్రోఫారడు కెపాసిటరు నొకటి వేసినచో దొంగ నొక్కుళ్లు ఆగిపోయినవి.

పొలమునుండి ఇంటిలోనికి వచ్చు ఏ తీగయైనను పిడుగునకు త్రోవయే. మబ్బు పట్టుటకు ముందే ఫ్లోటు తీగను పలకనుండి ఊడదీయుటకు వీలుగా ఒక ప్లగ్గు పెట్టుకొనవలెను. ఉరుములు మొదలైన పిమ్మట దానిని ముట్టరాదు. నూరు మీటర్లకు మించి తీగ లాగుట నాకు ఇష్టము లేదు. అంత దూరమున్నవారు సెల్‌ఫోనుతో నడుచు సాధనములు చూచుకొనుట మేలు.

బటనుకు వచ్చు తీగలను టంకము వేయనక్కరలేదు. ఆ రేకులమీదికి దూరు చిన్న తొడుగులు దొరకును, 2.8 మిల్లీమీటర్లవి, 4.8 మిల్లీమీటర్లవి అని రెండు కొలతలు. బటను రేకు కొలిచి తెచ్చుకొనవలెను. వదులుగా నున్న తొడుగును శ్రావణముతో కొంచెము నొక్కి బిగింపవచ్చును. పలకకు మేము పాత చెక్క పెట్టెను వాడితిమి. 60 మిల్లీమీటర్ల గుమ్మటము క్రింద చేయవలసిన రంధ్రము గుమ్మటమంత ఉండదు. అడుగు భాగమును కొలిచిన పిమ్మటనే రంపము పట్టవలెను. ఈ సంగతి తెలియక ఒక చెక్క పాడుచేసితిమి.

గ్రామ పంచాయతీ ట్యాంకునకు

గ్రామాధికారులకు ఈ పలక మరొక విధముగా పనికివచ్చును. మంచినీటి ట్యాంకు నిండి పొర్లి వీధిలో బురద అగుట చాలా ఊళ్లలో చూచుచున్నాము. మోటారు వేసిన మనిషి వేరే పనిమీద పోవును, ట్యాంకు పైన ఏమగుచున్నదో క్రిందివారికి తెలియదు. ట్యాంకు అంచునకు దగ్గరగా ఫ్లోటు పెట్టి, పంచాయతీ కార్యాలయములో వెలుగు బటను పెట్టవచ్చును. మోటారు వేసినవారు నొక్కుదురు. ట్యాంకు నిండినప్పుడు మిణుకుచు మ్రోగును.

ఇచ్చట ఫ్లోటు తిరుగబడవలెను. బోరువద్ద మనకు చెడు వార్త నీరు లేకపోవుట. ట్యాంకువద్ద చెడు వార్త నీరు ఎక్కువగుట. కావున నీరు లేచినప్పుడు విడిపోవునట్లు ఫ్లోటును పెట్టవలెను. అప్పుడు తెగిన తీగ ట్యాంకు నిండినట్లు చెప్పును. మోటారు ఆపి పైకెక్కి చూచెదరు. ఏది మనకు చెడు వార్తయో, తెగిన తీగ ఆ వార్తనే చెప్పవలెను. బోరైనను ట్యాంకైనను లెక్క ఇదియే. ఎత్తైన ట్యాంకుమీద పిడుగు భయము ఇంకను హెచ్చు గనుక ఆ పనిని తెలిసినవారిచేత ఎర్తింగుతో సహా చేయించవలెను.

మా పలక పెట్టిన తరువాత ఒక నడిరాత్రి బజరు మ్రోగినది. తమ్ముడు, నేను కర్ర పట్టుకొని పరుగెత్తితిమి. పైపునుండి నీరు ధారగా పడుచున్నది. తీగ బాగున్నది. చిల్లు బాగున్నది. టార్చి వేసి బకెట్టులోనికి చూచినచో ఫ్లోటుమీద ఒక బోదురుకప్ప కూర్చుండి యున్నది. ఇరువది సెకండ్లకంటె చాలసేపే కూర్చున్నట్లుంది. దానిని తీసి గట్టుమీద వదలితిమి, ఫ్లోటు లేచినది. మరునాడు అమ్మ పాత దోమతెర గుడ్డ నొకదానిని చింపి బకెట్టు మూతికి కట్టినది. ఇప్పుడు పదిదినములకొకమారు గుడ్డ విప్పి, పుల్లతో చిల్లు పొడిచి, నాచు కడిగి మరల కట్టుచున్నాము.